రెండు చెక్కల నడుమ ఏం పెట్టాలి?

తెల్లవారుజామున నాలుగు గంటలు. పడవలు ఒడ్డుకు వస్తున్నాయి. ఒక అక్క రేవులో గంపతో ఎదురు చూస్తోంది. వేలంలో పన్నెండు కిలోల కానాగంతలు పాడుకుంది. వాటిని ఆటోలో వేసుకుని సంతకు పోవాలి. మధ్యాహ్నం దాకా అమ్మాలి.

పది గంటలకల్లా ఎండ ముదురుతుంది. గంపలో వేసిన ఐసు నీరై కారిపోతుంది. చేప కళ్ళు లోపలికి పోతాయి. మొప్పలు ఎరుపు తగ్గి గోధుమ రంగుకు తిరుగుతాయి. కొనేవాళ్ళు వేలితో నొక్కి చూసి, ''సగం ధరకు ఇస్తావా?'' అని అడుగుతారు. అక్క ఇవ్వక ఏం చేస్తుంది? పొద్దున పెట్టిన డబ్బు సాయంత్రానికి తిరిగి రాదు. అప్పు మిగులుతుంది.

ఇలాంటి అక్కలు కాకినాడలో, మచిలీపట్నంలో, నిజాంపట్నంలో, విశాఖలో ఎందరో ఉన్నారు. వాళ్ళలో ఒకరి కథ అనుకుని ఇది చదవండి.

అక్క ఒక చల్లపెట్టె చేయించుకోవాలనుకుంది. వడ్రంగి దగ్గరకు వెళ్ళింది.

''బాబాయ్, ఐసు నిలిచే పెట్టె కావాలి.''

''రెండు పలచని ప్లైవుడ్ చెక్కల నడుమ మెత్తటిది ఏదైనా పెడితే సరిపోతుందమ్మా'' అన్నాడు వడ్రంగి.

అక్క ఇంట్లో పాత పరుపు ఉంది. దాని స్పాంజి తీసి ఇచ్చింది. పైసా ఖర్చు లేదు. పెట్టె తయారైంది. మొదటి వారం బాగానే ఉంది. నెల తిరిగేసరికి పెట్టె బరువెక్కింది. కంపు కొట్టసాగింది. ఐసు మునుపటిలాగే కరిగిపోతోంది. వడ్రంగి చెక్క ఊడదీసి చూశాడు. స్పాంజి నిండా నీళ్ళు! పిండితే చెంబెడు వచ్చాయి.

తప్పు ఎక్కడ జరిగింది? పెట్టె చేయడం తప్పు కాదు. రెండు చెక్కల నడుమ పెట్టింది తప్పు. మరి ఏం పెట్టాలి? అది తెలుసుకుందాం.

వేడి లోపలికి వస్తుంది

''ఐసులో చలి బయటికి పోతోంది'' అని మనం అంటాం. నిజానికి చలి ఎక్కడికీ పోదు. బయటి వేడి లోపలికి వస్తుంది. ఆ వేడిని ఐసు తాగుతుంది. తాగి కరుగుతుంది.

ఒక కిలో ఐసు కరగడానికి చాలా వేడి కావాలి. ఎంత వేడి? ఒక లీటరు చన్నీళ్ళను సున్నా డిగ్రీల నుంచి 80 డిగ్రీల దాకా కాచడానికి ఎంత వేడి కావాలో అంత. అందుకే ఐసు అంత బాగా చల్లబరుస్తుంది.

రేవులో చేప 30 డిగ్రీల వేడి మీద ఉందనుకోండి. ఒక కిలో చేపను సున్నా దాకా చల్లబరచడానికి కిలోలో మూడో వంతు ఐసు చాలు. అంటే పన్నెండు కిలోల చేపకు నాలుగు కిలోల ఐసు. అంతేనా? అంతే. మరి అక్క పన్నెండు కిలోల ఐసు వేసినా ఎందుకు చాలలేదు?

మిగిలిన ఐసు చేపను చల్లబరచడానికి ఖర్చు కాలేదు. గంపలోంచి వచ్చిన ఎండ వేడిని తాగడానికి ఖర్చయింది. అక్క డబ్బు పెట్టి కొన్న ఐసుతో ఊరి గాలిని చల్లబరిచిందన్న మాట!

కాబట్టి చల్లపెట్టె పని చల్లబరచడం కాదు. ఆ పని ఐసుది. పెట్టె పని వేడిని ఆపడం.

కోడి నేర్పే పాఠం

చలికాలం పొద్దున కోడిని చూశారా? ఈకలు ఉబ్బించి బంతిలా కూర్చుంటుంది. ఎందుకు? ఈకల మధ్య గాలి నిలుస్తుంది. నిలిచిన గాలి వేడిని తేలికగా దాటనివ్వదు. కోడి ఒంటి వేడి కోడికే ఉంటుంది. వానలో తడిసిన కోడి మాత్రం వణుకుతుంది. ఈకల మధ్య గాలి పోయి నీరు చేరింది కదా!

దుప్పటి కూడా అంతే. పొడి దుప్పటి వెచ్చగా ఉంటుంది. తడి దుప్పటి కప్పుకుంటే ఇంకా చలేస్తుంది.

ఇందులో రెండు సంగతులు ఉన్నాయి. ఒకటి, కదలకుండా నిలిచిన గాలి వేడిని ఆపుతుంది. రెండు, నీరు చేరితే ఆ గుణం పోతుంది. నిలిచిన గాలి కంటే నీరు ఇరవై రెట్లకు పైగా తేలికగా వేడిని దాటిస్తుంది.

వేడి లోపలి నుంచి బయటికి పోకుండా దుప్పటి ఆపుతుంది. బయటి నుంచి లోపలికి రాకుండా చల్లపెట్టె ఆపుతుంది. సూత్రం ఒక్కటే. పాత రోజుల్లో ఐసు గడ్డలను రంపపు పొట్టులో, ఊకలో దాచేవారు. అదీ ఈ సూత్రమే.

మరి పరుపు స్పాంజిలోనూ గాలి ఉంది కదా? ఉంది. కానీ దాని గదులకు తలుపులు లేవు. ఒక గది నుంచి ఇంకో గదికి దారి ఉంది. గాలి పోయే దారిలోనే నీరు వస్తుంది. అక్క పెట్టెలో జరిగింది అదే. చల్లపెట్టెకు తలుపులు మూసి ఉన్న గదులు కావాలి. ప్రతి గదిలో గాలి అక్కడే నిలిచిపోవాలి. నీరు లోపలికి రాకూడదు. పలకను ఎంచుకునేటప్పుడు అన్నిటి కన్నా ముందు చూడాల్సింది ఇది.

పలచని చెక్కకు బలం ఎక్కడిది?

ప్లైవుడ్ చెక్క పలచనిది. వంచితే వంగుతుంది. నడుమ పలక ఇంకా మెత్తనిది. చేత్తోనే విరుగుతుంది. కానీ ఒక పలకకు రెండు వైపులా చెక్క పెట్టి జిగురుతో అతికిస్తే మనిషి నిలబడినా వంగనంత గట్టిగా తయారవుతుంది. ఎలా?

ఒక లావు పుస్తకం తీసుకోండి. రెండు చేతులతో పట్టుకుని వంచండి. సులువుగా వంగుతుంది. కాగితాలు ఒకదాని మీద ఒకటి జారుతున్నాయి, చూశారా? ఆ కాగితాలన్నీ జిగురుతో అతికించేస్తే వంచగలరా? వంచలేరు. జారడం ఆగితే వంగడం ఆగుతుంది.

నడుమ పలక రెండు పనులు చేస్తుంది. రెండు చెక్కలనూ దూరంగా నిలబెడుతుంది. అవి జారకుండా పట్టి ఉంచుతుంది. అందుకే పలకంతా జిగురు సమంగా పట్టాలి. నాలుగు మూలలా చుక్కలు పెడితే చాలదు. స్పాంజి లాంటి మెత్తటిది పెడితే చెక్కలు జారుతూనే ఉంటాయి. బలం రాదు.

ఈ ఉపాయంతో విమానమే కట్టారు. 1940లో ఇంగ్లండులో మస్కిటో అనే యుద్ధ విమానం మొదటిసారి ఎగిరింది. దాని ఒళ్ళు రెండు పలచని ప్లైవుడ్ పొరలు. నడుమ బాల్సా అనే చాలా తేలిక చెక్క. విమానాన్ని మోసిన ఉపాయం మన చేపల పెట్టెను మోయదా?

ఏ పలక మంచిది?

బజారులో, చుట్టుపక్కల దొరికే వాటిని ఒక్కొక్కటే చూద్దాం.

ఊక, రంపపు పొట్టు: ఖర్చు తక్కువ. పొడిగా ఉంటే వేడిని బాగానే ఆపుతాయి. కానీ తడిస్తే కుళ్ళిపోతాయి. కుదుపుకు కిందకు దిగిపోతాయి. పైన ఖాళీ ఏర్పడుతుంది. చెక్కలను పట్టి ఉంచలేవు. ఒకచోట కదలకుండా ఉండే ఐసు గుంటకు పనికొస్తాయి. ఆటోలో తిరిగే పెట్టెకు పనికిరావు.

పరుపు స్పాంజి: నీరు తాగుతుంది. బలం లేదు. వద్దు.

థర్మోకోల్: తెల్లగా, పూసలు పూసలుగా ఉంటుంది. టీవీ, మిక్సీ అట్టపెట్టెల్లో చూసే ఉంటారు. నూటికి 98 వంతులు గాలే. పూసలోని గదులకు తలుపులు మూసి ఉంటాయి. వేడిని బాగా ఆపుతుంది. ప్లైవుడ్ చెక్క నాలుగు అంగుళాల మందం ఉంటే ఎంత వేడి ఆపుతుందో, థర్మోకోల్ ఒక అంగుళంతో సుమారు అంత ఆపుతుంది. ధర తక్కువ. చిన్న పట్నంలోనూ దొరుకుతుంది. ఒక లోపం ఉంది. పూసకూ పూసకూ మధ్య సందుల్లోంచి నీరు మెల్లగా పాకుతుంది.

ఎక్స్.పి.ఎస్. పలక: ఇది థర్మోకోల్‌కు చెల్లెలు. అదే సరుకుతో వేరే రకంగా చేస్తారు. పూసలు కనపడవు. నున్నగా, గట్టిగా ఉంటుంది. ఎక్కువగా నీలం, గులాబీ లాంటి రంగుల్లో వస్తుంది. నీరు చాలా తక్కువ పీలుస్తుంది. బరువుకు అణగదు. చల్లపెట్టెకు ఇది ఇంకా మంచిది. కానీ ధర ఎక్కువ. పెద్ద ఊళ్ళలోనే దొరుకుతుంది.

పఫ్: లేత పసుపు రంగులో ఉంటుంది. ఫ్రిజ్ గోడల్లో ఉండేది ఇదే. వేడిని ఆపడంలో వీటన్నిటి కన్నా మేలు. పలకగా దొరికితే వాడవచ్చు. రెండు రకాల మందు నీళ్ళు కలిపి పోస్తే పొంగి నురుగుగా గట్టిపడే రకం కూడా ఉంది. అది ఇంట్లో చేయకండి. ఆ మందు ఆవిరి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఉబ్బసం తెస్తుంది. అది నేర్చినవాళ్ళు, ముఖానికి తగిన తొడుగు పెట్టుకుని చేయాల్సిన పని.

అక్కకు ఏది కుదురుతుంది? ఆమె ఊళ్ళో థర్మోకోల్ దొరుకుతుంది. ధర అందుబాటులో ఉంది. దాని లోపం నీరు. నీటిని అడ్డుకునే ఉపాయం తెలిస్తే థర్మోకోల్ చాలు.

కొనే ముందు అయిదు పరీక్షలు

థర్మోకోల్ అంతా ఒకటే అనుకోకండి. పండుగకు అలంకరణలో వాడిన రకం వేరు. పెట్టెకు వాడాల్సిన రకం వేరు. కొట్లో నిలబడే ఈ పరీక్షలు చేయవచ్చు.

ఒకటి, కొలవండి. రెండు అంగుళాలు అంటే అయిదు సెంటీమీటర్లు. రెండు అంగుళాలని చెప్పి తక్కువ మందం ఇచ్చేవాళ్ళు ఉంటారు. స్కేలు వెంట తీసుకువెళ్ళండి. అంకెలు మీకు వచ్చు కదా!

రెండు, తూచండి. ఒక మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, అయిదు సెంటీమీటర్ల మందం ఉన్న పలకను తక్కెడలో పెట్టండి. 375 గ్రాములు తూగితే తేలిక రకం. 500 గ్రాములు తూగితే పెట్టెకు బాగుంటుంది. 625 గ్రాములు తూగితే ఇంకా గట్టిది. అడుగు భాగానికి అది మేలు. బరువు ఎక్కువైతే గట్టిదనం ఎక్కువ.

మూడు, విరవండి. చిన్న ముక్క అడిగి విరిచి చూడండి. విరిగిన చోట పూసలే రెండుగా చీలితే మంచిది. అవి బాగా అతికాయన్న మాట. పూసలు చీలకుండా సగ్గుబియ్యంలా గుండ్రంగా రాలిపోతే వద్దు. ఆ సందుల్లోంచే నీరు వస్తుంది.

నాలుగు, నొక్కండి. బొటనవేలితో గట్టిగా నొక్కితే లోతుగా గుంట పడిందా? అయితే అది ఐసు బరువుకు ఆగదు.

అయిదు, ముంచండి. ముక్కను ఇంటికి తెచ్చి తూచండి. పైన రాయి పెట్టి రాత్రంతా నీళ్ళలో ముంచి ఉంచండి. పొద్దున తుడిచి మళ్ళీ తూచండి. బరువు బాగా పెరిగితే ఆ రకం కొనవద్దు.

మందం ఎంత ఉండాలి?

మందం పెరిగే కొద్దీ ఐసు మిగులుతుంది. అయితే ఎంత మిగులుతుంది? లెక్క చూద్దాం.

అక్క పెట్టె లోపల అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు అనుకుందాం. పన్నెండు కిలోల చేప, పన్నెండు కిలోల ఐసు పడతాయి. బయట 35 డిగ్రీల వేడి. పెట్టె నీడలో ఉంది. మూత మూసి ఉంది. పది గంటల్లో గోడల గుండా వచ్చే వేడికి కరిగే ఐసు సుమారుగా ఇంత:

ఉత్త ప్లైవుడ్ పెట్టె అయితే 12 కిలోలు.
నడుమ ఒక అంగుళం థర్మోకోల్ ఉంటే 3 కిలోల 500 గ్రాములు.
రెండు అంగుళాలు ఉంటే 2 కిలోల 250 గ్రాములు.
మూడు అంగుళాలు ఉంటే 1 కిలో 800 గ్రాములు.

చూశారా? మొదటి అంగుళం ఎనిమిది కిలోలకు పైగా మిగిల్చింది. రెండో అంగుళం కిలోకు పైగా మిగిల్చింది. మూడో అంగుళం అర కిలో కూడా మిగల్చలేదు. పైగా పెట్టె పెద్దదవుతుంది. ఆటోలో చోటు చాలదు. అందుకని రోజు పనికి రెండు అంగుళాలు సరిపోతుంది.

ఇప్పుడు మొత్తం కూడండి. చేపను చల్లబరచడానికి నాలుగు కిలోలు. గోడల వేడికి రెండుంబావు కిలోలు. అంతా కలిపి ఆరుంబావు కిలోలు. కానీ సంతలో మూత ఊరుకే ఉండదు. బేరం వచ్చినప్పుడల్లా తీయాలి. ఎండ తగలవచ్చు. అందుకే కిలో చేపకు కిలో ఐసు వేయడం మంచిది. ఉత్త చెక్క పెట్టెలో అయితే నాలుగూ పన్నెండూ పదహారు కిలోలు కావాలి. అంటే కిలోకు కిలో వేసినా చాలదు.

ఈ పెట్టెకు మీటరు పొడవు, అర మీటరు వెడల్పు ఉన్న పలకలు నాలుగు కొంటే ముక్కలు అతకకుండా సరిపోతాయి. నాలుగూ కలిపి రెండు కిలోల బరువు. ప్లైవుడ్, రీపర్లు కలిస్తే ఖాళీ పెట్టె పది కిలోలు దాటుతుంది. చేప, ఐసు నింపాక ఒక్కరే ఎత్తకండి. ఇద్దరు పట్టండి.

జిగురు చూసి పూయండి

మంచి థర్మోకోల్ కొని చెడ్డ జిగురు పూస్తే పలక మాయమవుతుంది. నిజమే! పెట్రోలు, థిన్నరు తగిలితే థర్మోకోల్ పంచదారలా కరిగిపోతుంది. చెప్పులు అతికించే ఘాటు వాసన రబ్బరు జిగురులోనూ అలాంటి నూనెలే ఉంటాయి. ఫైబర్ పడవలకు పూసే పాలియెస్టర్ రెసిన్ కూడా థర్మోకోల్‌ను తినేస్తుంది. రేవులో ఆ రెసిన్ తేలికగా దొరుకుతుంది. ''పెట్టెకూ అదే పూద్దాం'' అనిపిస్తుంది. థర్మోకోల్ మీద మాత్రం పూయకండి.

మరి ఏది వాడాలి? వడ్రంగులు వాడే తెల్ల జిగురు థర్మోకోల్‌ను ఏమీ చేయదు. అందులో నీటికి తట్టుకునే రకం అడగండి. ఎపాక్సీ అనే రెండు డబ్బాల జిగురు కూడా పనికొస్తుంది. అది నీటికి ఊడదు. ధర ఎక్కువ. చేతికి తొడుగులు వేసుకుని కలపాలి.

ఏ జిగురైనా ముందు పనికిరాని ముక్క మీద పూసి ఒక రాత్రి ఉంచండి. పొద్దుటికి గుంట పడకపోతే వాడండి.

జిగురు పలకంతా సమంగా పూయాలి. చెక్క పెట్టాలి. పైన బియ్యం మూటలో, ఇటుకలో సమంగా పేర్చాలి. తెల్ల జిగురులోని తడి చెక్క గుండా ఆరాలి. అందుకు ఒకటి రెండు రోజులు పడుతుంది. తొందరపడకండి.

స్క్రూ థర్మోకోల్‌లో నిలవదు. మడతబందులు, పిడులు, గొళ్ళెం వచ్చే చోట ముందే చెక్క రీపరు పెట్టించండి. రీపరు ఉన్న చోట వేడి ఎక్కువగా దాటుతుంది. అవసరమైన చోటే పెట్టాలి.

నీటికి దారి ఇవ్వవద్దు

పలక ఎంత మంచిదైనా నీరు చేరితే వృథా. నీరు వచ్చే దారులు మూడు.

మొదటి దారి ప్లైవుడ్. ప్లైవుడ్ మీద ముద్ర ఉంటుంది. అక్షరాలు ఇంగ్లీషులో ఉంటాయి. అంకెలు మనకు తెలిసినవే. ఐ.ఎస్. పక్కన 710 అని ఉంటే అది నీటిలో నానినా పొరలు ఊడని మెరైన్ రకం. 303 అని ఉంటే సామాన్య రకం. అందులోనూ కొంత నీటికి తట్టుకునేది ఉంది, అడిగి తీసుకోవాలి. ''అన్నీ ఒకటేనమ్మా'' అని కొట్టువాడు అంటే, అంకె చూపించమనండి. చెక్క అంచులకు రంగు రెండు మూడు సార్లు వేయించండి. నీరు అంచుల్లోంచే ఎక్కువగా పీలుస్తుంది.

రెండో దారి లోపలి మూలలు. పెట్టె లోపల అంతా అల్యూమినియం రేకు గానీ, తినే సరుకుకు వాడే మందపాటి ప్లాస్టిక్ షీటు గానీ పరిపించండి. మూలల్లో అతుకు లేకుండా మడవాలి. అతుకు తప్పకపోతే సిలికాన్‌తో మూయాలి. చేప చెక్కకు తగలకూడదు. చెక్కకు పురుగు పట్టకుండా మందు పట్టిస్తారు. అదీగాక చెక్క సందుల్లో నీసు పేరుకుంటుంది.

మూడో దారి అడుగు రంధ్రం. కరిగిన నీరు పోవడానికి రంధ్రం పెడతారు. ఉత్త రంధ్రం పెడితే నీరు పక్కనే ఉన్న థర్మోకోల్‌లోకి పాకుతుంది. అందుకని రంధ్రంలో ప్లాస్టిక్ గొట్టం పెట్టించండి. గొట్టం లోపలి రేకు నుంచి బయటి చెక్క దాకా ఉండాలి. చుట్టూ సిలికాన్ పూయాలి. బయట బిరడా పెట్టాలి.

పలకకూ పలకకూ మధ్య సందు ఉంటే వేడి గాలి అక్కడ తిరుగుతుంది. సందుల్లో సన్నని థర్మోకోల్ ముక్కలు దూర్చి మూయండి. మూతలోనూ థర్మోకోల్ ఉండాలి. మూత అంచున మెత్తటి రబ్బరు పట్టీ అతికించండి.

నిప్పుకు దూరం

థర్మోకోల్ నిప్పు అంటుకుంటే కరుగుతూ, చుక్కలుగా కారుతూ మండుతుంది. నల్లటి పొగ వస్తుంది. ఆ పొగ విషం. చెక్క కప్పి ఉన్నా పెట్టెను పొయ్యి పక్కన పెట్టకండి. మిగిలిన ముక్కలను కాల్చకండి. పొయ్యి రాజేయడానికి అసలే వాడకండి.

కోసినప్పుడు పూసలు గాలికి ఎగురుతాయి. కాలువలో పడితే చేపలు మింగుతాయి. చెత్తలో పడితే పశువులు తింటాయి. అవి మట్టిలో కలవవు. కింద గుడ్డ పరిచి కోయండి. పూసలు సంచిలో ఎత్తండి. దేశంలో 2022 జూలై 1 నుంచి అలంకరణకు వాడే థర్మోకోల్‌ను నిషేధించారు. ఒక్క పూట వాడి పారేస్తున్నారు కాబట్టి. మన పెట్టె ఏళ్ళ తరబడి పని చేయాలి. అందుకే బాగా చేయించాలి.

అక్క రెండో పెట్టె

అక్క మళ్ళీ వడ్రంగి దగ్గరకు వెళ్ళింది. ఈసారి చేతిలో కాగితం ఉంది. కొలతలు తనే రాసుకుంది.

''థర్మోకోల్ రెండు అంగుళాలది బాబాయ్. తూచి తెచ్చాను. ప్లైవుడ్ మీద 710 అంకె చూశాకే డబ్బులిచ్చాను. రబ్బరు జిగురు వద్దు.''

వడ్రంగి నవ్వాడు. ''ఇవన్నీ ఎప్పుడు నేర్చావమ్మా? నాకే తెలియలేదు సుమా'' అన్నాడు.

పెట్టె తయారైంది. అక్క అడుగున ఐసు పరిచింది. ఒక వరస చేప, ఒక వరస ఐసు వేసింది. పైన మళ్ళీ ఐసు కప్పింది. మూత వేసి, తడి గోనె కప్పింది. మధ్యాహ్నం రెండు గంటలకు మూత తీస్తే ఇంకా ఐసు ఉంది. చేప మొప్పలు ఎర్రగానే ఉన్నాయి. ''సగం ధరకు ఇస్తావా?'' అని ఎవరూ అడగలేదు.

మేలు డబ్బు ఒక్కటే కాదు. కానాగంతలు, తూర చేపలు వేడిలో ఎక్కువసేపు ఉంటే వాటిలో ఒక విషం పుడుతుంది. తిన్నవాళ్ళకు ఒళ్ళు ఎర్రబడి దురద పుడుతుంది. తలనొప్పి, వాంతులు కూడా రావచ్చు. కూర ఎంత ఉడికించినా ఆ విషం పోదు. పట్టిన వెంటనే ఐసులో పెడితే అది పుట్టదు. అక్క పెట్టె కొన్నవాళ్ళ పిల్లలనూ కాపాడుతోంది.

చేయించుకోలేనివాళ్ళకు ప్లాస్టిక్ చల్లపెట్టెలు కూడా దొరుకుతున్నాయి. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఐసు పెట్టె ఉన్న సైకిలుకు, మోటారు సైకిలుకు, మూడు చక్రాల బండికి సాయం పెట్టారు. అందులో ఆడవాళ్ళకు ఖర్చులో నూటికి 60 వంతుల దాకా ఇచ్చేలా పెట్టారు. మీ దగ్గరి మత్స్య శాఖ ఆఫీసులో ఇప్పుడు ఏ సాయం ఉందో అడగండి. చేపను చెడకుండా ఉంచే పద్ధతుల గురించి పనిచేసే కేంద్ర సంస్థ 1957లో కొచ్చిలో మొదలైంది. దాని శాఖ విశాఖపట్నంలో ఉంది. మహిళా సంఘం తరఫున కలిసి వెళ్ళి అడగవచ్చు.

గుర్తుంచుకోండి

ఐసు చల్లబరుస్తుంది. పెట్టె వేడిని ఆపుతుంది.
నిలిచిన గాలి వేడిని ఆపుతుంది. నీరు చేరితే ఆపదు.
స్పాంజి వద్దు. గట్టి థర్మోకోల్ గానీ, ఎక్స్.పి.ఎస్. పలక గానీ మేలు.
కొలవండి, తూచండి, విరవండి, నొక్కండి, ముంచండి.
రెండు అంగుళాల మందం చాలు.
జిగురును ముందు ముక్క మీద పరీక్షించండి.
పొయ్యికి దూరంగా ఉంచండి.

ఆలోచించండి, రాయండి

1. అక్క మొదటి పెట్టె ఎందుకు బరువెక్కింది?
2. తడిసిన కోడి ఎందుకు వణుకుతుంది?
3. కిలో చేపను చల్లబరచడానికి కిలోలో మూడో వంతు ఐసు కావాలి. 15 కిలోల చేపకు ఎంత కావాలి?
4. మీ ఊళ్ళో కూరగాయలో, పాలో, పూలో అమ్మేవాళ్ళు సరుకు వాడిపోకుండా ఏం చేస్తున్నారు? అడిగి నాలుగు వాక్యాలు రాయండి.